నీళ్ళు పీల్చని గుడ్డ

పదింటికి స్టోన్‌హౌస్‌పేట సందులో
"పాత బట్టలకు స్టీలు సామాన్లమ్మో" అంటూ వచ్చి
పెంచలమ్మ మా మెట్ల మీద గంప దించింది.

రెండు మూటలు ఈడ్చుకొచ్చాను లోపల్నుంచి.
బీరువా తలుపు మూతపడక
మోకాలితో నెట్టి తాళం వేస్తున్నాను ఎన్నాళ్ళుగానో.
ఇవాళ దాని బరువు దించుతున్నానని,
ఏదీ చెత్తలో పారెయ్యడం లేదని,
కొంచెం గర్వంగానే ఉన్నాను.

ఒక్కొక్కదాన్నీ రెండు వేళ్ళ మధ్య నలిపి చూసింది పెంచలమ్మ,
కళ్ళంలో వడ్ల తేమ చూసే బేరగాడిలా.
"ఇది వొద్దు.
ఇదీ వొద్దు.
ఇది ఆఫర్లో కొన్నావా మే?"

అవును. ట్రంకు రోడ్డులో, దీపావళి ముందు ఆదివారం.
రెండు కొంటే మూడోది ఉచితం.
మూడోది ఒక్కసారీ వేసుకోలేదు,
ధర చీటీ ఇంకా మెడ దగ్గర వేలాడుతోంది.

చెంబుడు నీళ్ళడిగింది.
దాహమేమో అనుకున్నాను.
మెట్టు మీద కాసిని ఒలకబోసి
నా చున్నీతో తుడిచింది.
నీళ్ళు అటు జరిగాయి, ఇటు జరిగాయి,
గుడ్డలోకి మాత్రం ఒక్క బొట్టూ పోలేదు.

"చూశావా? మెకానిక్ షెడ్డోళ్ళు కూడా తీసుకోరు దీన్ని.
నూనె పీల్చదు, చెమట పీల్చదు.
పొయ్యిలో ఏస్తే కాలదు, కారద్ది.
రోహిణి కార్తెలో ఎట్టా ఏసుకున్నావు తల్లా ఇయ్యన్నీ?"

నేనేం చెప్పను.
మొన్న వరద తగ్గాక పెన్న బ్రిడ్జి మీంచి చూశాను,
సర్కారు తుమ్మల ముళ్ళకు
రంగురంగుల పేలికలు.
గడ్డి కుళ్ళింది, కొమ్మలు కుళ్ళాయి.
అవి మాత్రం షోరూములో ఉన్నట్టే ఉన్నాయి.
ఎవరివో అనుకుని బస్సులో కిటికీ మూసుకున్నాను.

రెండో మూట అడుగున ఆమె చెయ్యి ఆగింది.
"దీనికైతే పెద్ద బేసినిస్తా."
పాటూరు చీర. వంకాయరంగు, అంచు దగ్గర చిరుగు.
మొదటి జీతంతో, మగ్గం దగ్గరికే వెళ్ళి కొన్నది.
గుంటలో కాళ్ళాడిస్తూ తల ఎత్తకుండానే
రమణయ్య అన్నాడు:
"గంజి ఉన్నన్నాళ్ళు బిగుసుకోనుంటది.
ఉతికేకొద్దీ మెత్తబడద్ది. మనుషుల్లాగా కాదు."
పందొమ్మిదేళ్ళు ఉతికాను.

ఇటు కొస నేను పట్టుకున్నాను, అటు కొస ఆమె.
ఇస్తే పోయేది ఇదొక్కటే,
ఇవ్వకూడనిదీ ఇదే.
బేసిను వద్దన్నాను.
పెంచలమ్మ నవ్వి గంప ఎత్తుకుంది:
"ఇట్టయితే నా యాపారం ఏం కావాల?"

సాయంత్రం సంతపేటలో
మెట్ల కింద మిషను పెట్టుకున్న ఖాదర్ మస్తాన్
చీరని వెలుతురుకి పట్టి చూశాడు.
కొత్త దారం తియ్యలేదు.
చీర కొసలోంచే నాలుగు పోగులు లాగి
చిరుగు మీద నిలువూ అడ్డమూ నేశాడు.
అరవై రూపాయలు.
పక్కన ప్యాంటు కురచ చేయించుకుంటున్న కుర్రాడు
"ఇంకో రెండొందలేస్తే కొత్తదే వస్తది గదా ఆంటీ" అన్నాడు.
వస్తది నాయనా.
అట్లా వచ్చినవే మా ఇంట్లో రెండు మూటలు.

ఆ మూటలు మళ్ళీ బీరువాలోకే వెళ్ళాయి.
నేను కొన్నవి, నేనే అరగ్గొట్టాలి.
చున్నీ చీరి మిద్దె మీద బీరతీగకు కట్టాను,
ఎండకి వెలవదు, వానకి చివకదు,
తీగ ఎండిపోయినా అది ఉంటుంది.
మూడోదాని చీటీ కత్తిరించి ఆఫీసుకు వేసుకెళ్ళాను.
మధ్యాహ్నానికి వీపంతా చెమటకాయలు.
సంక్రాంతికీ కొనలేదు, ఉగాదికీ కొనలేదు.
ఒకసారి మాత్రం చిన్నబజారులో
ఒక షాపు మెట్లు ఎక్కి దిగాను.

చైత్రం ఎండలో మళ్ళీ అదే కేక.
ఇవ్వడానికేం లేదన్నాను.
"తెలుసులే, కాసిని నీళ్ళియ్యి" అంది.
చెంబెత్తి గటగటా తాగి
పైటకొంగుతో మూతి తుడుచుకుంది.
ఎన్ని ఉతుకులు చూసిందో ఆ నూలు కొంగు,
తడి అట్లా తగిలిందో లేదో
లోపలికి ఇంకిపోయింది.